దద్దుర్లు నెలల తరబడి తగ్గడం లేదా? సొంత సీరంతో చేసే చర్మ పరీక్ష గురించి తెలుసుకోండి

మీ ఇంట్లో ఎవరికైనా రోజూ సాయంత్రం అయ్యేసరికి ఒంటిమీద దద్దుర్లు లేస్తున్నాయా? నడుము చుట్టూ, తొడలమీద, వీపుమీద ఎర్రగా ఉబ్బి, రాత్రంతా దురదతో నిద్ర పట్టనీయకుండా చేసి, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు మాయమవుతున్నాయా? డాక్టరు గారికి చూపిద్దామని బస్సెక్కి సూర్యాపేటకు వచ్చేసరికి ఒంటిమీద ఒక్క మచ్చ కూడా ఉండదు. "నిన్న రాత్రి చూడాల్సింది సార్, ఒళ్ళంతా వాతలు తేలినట్టు ఉండె" అని ఇంటివాళ్ళు చెబుతుంటారు. మీరు చెప్పేది మేము నమ్ముతాం. ఈ జబ్బు స్వభావమే అది. ఈసారి దద్దుర్లు లేచినప్పుడు సెల్‌ఫోనుతో ఒక ఫోటో తీసి తీసుకురండి, అది చాలు.

కోదాడ దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక కుటుంబం గురించి ముందు చెబుతాం. ఇలాంటి కుటుంబాలు మిర్యాలగూడ వైపు నుంచీ, సూర్యాపేట చుట్టుపక్కల నుంచీ తరచుగా వస్తుంటాయి కాబట్టి ఇది ఒక్కరి కథ కాదు. ఆ ఇంటి ఇల్లాలికి ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. ఎనిమిది నెలలుగా దద్దుర్లు. వెంట భర్త, అత్తగారు వచ్చారు. అత్తగారి చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది. అందులో కోడలికి "పడనివి" అని ఒక్కొక్కటిగా మాన్పించిన తిండి వివరాలు రాయించి పెట్టుకున్నారు. వంకాయ, గోంగూర, చింతపండు, కోడిగుడ్డు, ఎండుచేపలు, మాంసం, పల్లీలు, శనగపిండి, పెరుగు, చివరికి టమాటా కూడా. ఆమె తింటున్నది అన్నం, పలచటి పెసరపప్పు కట్టు, ఇంకేమీ లేదు. మనిషి సగమైపోయింది, రక్తం తగ్గిపోయింది, దద్దుర్లు మాత్రం ఎప్పటిలాగే లేస్తున్నాయి. వారానికి, పది రోజులకు ఒకసారి ఊళ్ళో ఇంజక్షన్ వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉండి మూడోరోజు మళ్ళీ మొదలు.

"ఏది పడతలేదో తేల్చే అలర్జీ పరీక్ష చేయండి సార్" అని భర్త అడిగాడు. ఆ పరీక్ష కోసమని పాలిచ్చే బర్రెను అమ్మి డబ్బు జేబులో పెట్టుకుని వచ్చాడు. తిండి పదార్థాలకు, దుమ్ముకు చేసే ఆ పెద్ద అలర్జీ పరీక్ష మీకు అవసరం లేదని చెబితే మొదట నమ్మలేదు. డబ్బు ఉంది కదా చేయమని బతిమాలాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ బతిమాలడమే.

ఆరు వారాల లెక్క

దద్దుర్లు రెండు రకాలు. ఒకసారి లేచి కొన్ని రోజుల్లో, మహా అయితే ఆరు వారాల లోపల పూర్తిగా పోయేవి మొదటి రకం. జ్వరమో జలుబో వచ్చినప్పుడు, ఒక మందు పడనప్పుడు, గొంగళి పురుగు పాకినప్పుడు, పిల్లలకు గుడ్డు లేదా పల్లీ పడనప్పుడు వచ్చేవి ఎక్కువగా ఇవే. వీటికి కారణం చాలాసార్లు మనకే తెలిసిపోతుంది.

ఆరు వారాలు దాటినా, రోజూ లేదా దాదాపు రోజూ లేస్తుంటే అది దీర్ఘకాలిక దద్దుర్లు. ఆడవాళ్ళలో మగవాళ్ళకన్నా సుమారు రెట్టింపు ఎక్కువ. ఇందులో ఒక చిన్న భాగం చల్లదనం, ఎండ, చెమట, గట్టిగా బిగించిన నాడా లేదా బెల్టు ఒత్తిడి వల్ల వచ్చేవి. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో పొలం నుంచి వచ్చాక చెమటపట్టిన చోట సన్నటి గింజల్లాగా లేచి గంటలో పోయేవి చెమట దద్దుర్లు. గోటితో గీస్తే గీసినచోట గీతలా ఉబ్బేది మరొక రకం. ఇవి కాకుండా, బయటి కారణం ఏదీ లేకుండా వాటంతట అవే లేచే రకమే ఎక్కువమందిలో చూస్తాం. ఆ ఇల్లాలికి ఉన్నది ఇదే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇది అంటువ్యాధి కాదు. ఆమెకు విడిగా కంచం, విడిగా పక్క వేయనక్కర్లేదు. చంటిబిడ్డకు పాలివ్వడం మానిపించనక్కర్లేదు.

తిండి ఎందుకు కారణం కాదు?

మన చర్మంలో మాస్ట్ కణాలు అనేవి ఉంటాయి. వీటిని మిర్చి బస్తాలతో పోల్చి చెప్పుకుందాం. మిర్చి కోతల కాలంలో కల్లం దగ్గర బస్తా మూతి కుట్టు ఊడిపోతే చుట్టూ ఉన్నవాళ్ళందరికీ తుమ్ములు, కళ్ళలో మంట ఎలా వస్తాయో మీకు తెలుసు. మాస్ట్ కణంలో ఉండే ఘాటు పదార్థం పేరు హిస్టమిన్. అది బయటపడితే ఆ చోట సన్నటి రక్తనాళాలు వ్యాకోచించి, నీరు చర్మంలోకి ఊరి ఉబ్బు వస్తుంది. అదే దద్దురు. పక్కనున్న నరం చివరలను కదిలించడంతో దురద.

ఇక బస్తా మూతి కుట్టిన దారం ఎవరు లాగారన్నది ప్రశ్న. మామూలు అలర్జీలో ఆ పని బయటివాడు చేస్తాడు. ఐజీఈ అనే యాంటీబాడీలు మాస్ట్ కణంమీద కొక్కేల్లాగా అతుక్కుని ఉంటాయి. రొయ్యో, పల్లీయో పడనివాళ్ళు దాన్ని తింటే ఆ పదార్థం వచ్చి కొక్కేలకు తగులుకుంటుంది, దారం ఊడుతుంది. ఇది తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట, రెండు గంటల లోపు జరిగే పని. ఎప్పుడు తింటే అప్పుడు జరుగుతుంది, తినని రోజు జరగదు. మీ ఇంట్లో దద్దుర్లు అలా లేస్తున్నాయా? వంకాయ తిన్నరోజూ లేస్తున్నాయి, తినని రోజూ లేస్తున్నాయి అంటే పాపం వంకాయది కాదు.

దీర్ఘకాలిక దద్దుర్లున్న చాలామందిలో దారం లాగేది బయటివాడు కాదు, ఇంటి కావలివాడే. మనల్ని క్రిముల నుంచి కాపాడటానికి తయారయ్యే యాంటీబాడీలలో కొన్ని దారితప్పి, మాస్ట్ కణంమీద ఉండే కొక్కేన్ని గానీ, కొక్కెం అతుక్కునే గూటిని గానీ పట్టి లాగుతాయి. దీన్నే ఆటో ఇమ్యూన్ కారణం అంటాం. థైరాయిడ్ గ్రంథిమీద, కీళ్ళమీద సొంత యాంటీబాడీలే దాడి చేయడం గురించి మీరు వినే ఉంటారు. ఇది కూడా ఆ కుటుంబానికి చెందినదే. అందుకే దీర్ఘకాలిక దద్దుర్లున్న వాళ్ళలో థైరాయిడ్ యాంటీబాడీలు మామూలు జనంలో కన్నా ఎక్కువగా కనిపిస్తాయి.

రక్తంలో తిరిగే పదార్థమే చర్మంలో దద్దురు లేపగలదని తెలుసుకున్న తీరు ఆసక్తిగా ఉంటుంది. 1921లో జర్మనీలో ప్రౌస్నిట్జ్, కుస్ట్‌నర్ అనే ఇద్దరు డాక్టర్లు ఉండేవారు. కుస్ట్‌నర్‌కు వండిన చేప పడదు. ప్రౌస్నిట్జ్‌కు చేపతో ఏ ఇబ్బందీ లేదు. కుస్ట్‌నర్ రక్తం నుంచి తీసిన సీరాన్ని ప్రౌస్నిట్జ్ తన పొట్టమీది చర్మంలోకి ఎక్కించుకుని, మరునాడు అదే చోట చేప రసాన్ని ఎక్కించుకున్నాడు. అక్కడ దద్దురు లేచింది. (ఈ రోజుల్లో ఒకరి సీరం మరొకరికి అలా ఎక్కించడం ఎవరూ చేయకూడదు. రక్తం ద్వారా వచ్చే కామెర్లు, హెచ్.ఐ.వి. గురించి అప్పటికి తెలియదు.) ఆ సీరంలో ఉన్నది ఐజీఈ అని 1960లలో తేలింది. తర్వాత 1986లో ఇంగ్లండులో గ్రాటన్, ఆయన తోటి డాక్టర్లు దీర్ఘకాలిక దద్దుర్లున్న రోగుల సీరాన్ని వాళ్ళ చర్మంలోకే ఎక్కించి చూస్తే కొందరిలో అక్కడ దద్దురు లేచింది. చేప లేదు, దుమ్ము లేదు, సొంత సీరం ఒక్కటే. 1993లో ఆ సీరంలో ఉన్నది ఐజీఈ అతుక్కునే గూటిమీద పనిచేసే యాంటీబాడీ అని కొందరు రోగులలో రుజువైంది. ఇప్పుడు మేము చెప్పబోయే పరీక్ష అక్కడినుంచి వచ్చిందే.

పరీక్షకు ముందు

దీన్ని సొంత సీరం చర్మ పరీక్ష అంటారు. డాక్టర్లు వాడే ఇంగ్లీషు పేరు ఆటోలోగస్ సీరం స్కిన్ టెస్ట్. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. రక్తాన్ని తిప్పి సీరం వేరుచేసే సెంట్రిఫ్యూజ్ ఉన్న లేబరేటరీ, దద్దురు కొలిచి అర్థం చెప్పగల చర్మవ్యాధుల డాక్టరు ఉంటే చాలు. అయితే అన్ని ఆసుపత్రులలోనూ చేయరు. బయలుదేరే ముందు ఫోన్ చేసి అడగండి.

కష్టమంతా ముందు రోజుల్లో ఉంటుంది. దురద మాత్రలు వేసుకుంటూ ఉంటే హిస్టమిన్ పని కనిపించదు కాబట్టి పరీక్ష తప్పుగా వస్తుంది. సాధారణంగా రెండు మూడు రోజుల ముందు నుంచి ఆపమంటారు, కొన్ని మందులకు వారం పట్టవచ్చు. దురదకు రాత్రిపూట ఇచ్చే డాక్సెపిన్ అనే మాత్రకు రెండు వారాలు. జలుబు మాత్రలలో, కొన్ని దగ్గు సిరప్‌లలో కూడా ఈ మందు కలిసి ఉంటుంది. "దురద మాత్ర ఆపాం సార్" అని చెప్పి ముందురోజు రాత్రి జలుబు మాత్ర వేసుకుని వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ పరీక్ష మళ్ళీ చేయాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్న మందులన్నీ, చీటీ లేకపోయినా సరే, ఒక కవరులో వేసి ముందుగానే తెచ్చి చూపించండి.

స్టెరాయిడ్ మాత్రలు చాలా రోజులుగా వాడుతుంటే మాత్రం పరీక్ష కోసమని మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా ఆపితే బి.పి. పడిపోయి ప్రాణంమీదికి వస్తుంది. అది ఎలా చేయాలో డాక్టరు చెబుతారు.

మాత్ర ఆపిన ఆ మూడు రోజులు రోగికి నరకంలా ఉంటుంది. ఇంటివాళ్ళ అవసరం అప్పుడే. చల్లటి తడిగుడ్డ వేయండి, కాలమిన్ లోషన్ రాయండి, వదులు నూలు బట్టలు కట్టుకోనివ్వండి, పొయ్యి దగ్గర పని ఆ మూడు రోజులు ఎవరైనా అందుకోండి. పూర్వం నుంచీ గొంగడి కప్పి రుద్దడం కొన్ని ఇళ్ళలో ఉంది. దయచేసి వద్దు. వేడి, రాపిడి రెండూ దద్దుర్లను ఎక్కువ చేస్తాయి. మాత్ర ఆపినప్పుడు పెదవులు, నాలుక వాచే అలవాటున్నవాళ్ళు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. అలాంటివారికి ఈ పరీక్ష సాధారణంగా వాయిదా వేస్తాం. పరీక్షకోసం పరీక్ష చేయడం మాకు ఇష్టం లేదు.

పరీక్ష ఎలా చేస్తారు?

పరగడుపున రానక్కర్లేదు, తినే రావచ్చు. మోచేతి దగ్గర నరం నుంచి కొద్దిగా రక్తం తీసి, మందు కలపని గాజు గొట్టంలో అరగంట ఉంచుతారు. రక్తం గడ్డకడుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో పది పదిహేను నిమిషాలు తిప్పితే గడ్డ అడుగుకు చేరి పైన లేత పసుపు రంగు నీరు తేలుతుంది. అదే సీరం. గొట్టంమీద రోగి పేరు రాశారో లేదో మీరూ చూసుకోండి. అలా అడిగితే డాక్టర్లు తప్పుపట్టరు. ఆ సీరం ఆ మనిషికి తప్ప మరొకరికి తగలకూడదు.

ముంజేతి లోపలివైపు, గత రెండు రోజుల్లో దద్దురు లేవని చోటు చూసి, మూడు చోట్ల చర్మం పైపొరలోకి సన్న సూదితో ఎక్కిస్తారు. ఒకచోట రోగి సొంత సీరం, ఒకచోట సెలైన్ నీరు, మరొకచోట హిస్టమిన్. సీరం కొలత 0.05 మిల్లీలీటరు, అంటే నలభై యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో రెండు గీతలంత. చీమ కుట్టినంత నొప్పి. తర్వాత అరగంట కూర్చోవాలి. గోకకూడదు.

సెలైన్, హిస్టమిన్ ఎందుకని చాలామంది అడుగుతారు. సూది గుచ్చడం వల్లనే కొద్దిగా ఉబ్బు వస్తుంది కదా, అది ఎంతో తెలియడానికి సెలైన్. హిస్టమిన్ ఎక్కించినచోట ఎవరికైనా దద్దురు లేచి తీరాలి. లేవలేదంటే మాత్రల ప్రభావం ఇంకా ఒంట్లో ఉందని అర్థం, ఆరోజు పరీక్ష చెల్లదు. ఈ రెండూ లేకుండా సీరం ఒక్కటే ఎక్కించి "ఉంది, లేదు" అని చెప్పే పరీక్షకు విలువ లేదు.

ముప్పై నిమిషాలకు స్కేలుతో ప్రతి ఉబ్బునూ అడ్డంగా, నిలువుగా కొలిచి సగటు తీస్తారు. సీరం ఉబ్బు సగటు సెలైన్ ఉబ్బు సగటుకన్నా కనీసం 1.5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే పరీక్ష పాజిటివ్. ఆ కోదాడ ఇల్లాలి చేతిమీద సీరం ఎక్కించినచోట ఉబ్బు ఒకవైపు 9, మరొకవైపు 8 మిల్లీమీటర్లు వచ్చింది, సగటు ఎనిమిదిన్నర. సెలైన్ చోట 5. తేడా మూడున్నర. ఎర్రదనం కూడా చుట్టూ పరచుకుంది. భర్త తన కళ్ళతో చూశాడు. "ఆమె సీరమేనా సార్ ఇది, ఇంకేం కలపలేదు కదా?" అని రెండుసార్లు అడిగాడు. కలపలేదు.

పాజిటివ్ అంటే రక్తం చెడిపోయిందనా?

కాదు. పరీక్ష పేరులో సీరం అన్నమాట ఉన్నందువల్ల ఈ అనుమానం ప్రతి ఇంట్లోనూ వస్తుంది. ఆ రోజు అత్తగారు మొదట అన్న మాట కూడా "రక్తం చెడిందన్నమాట, రక్తం ఎక్కించాల్నా?" అనే. రక్తం చెడలేదు, రక్తశుద్ధి మందులతో పనిలేదు, రక్తం ఎక్కించనక్కర్లేదు. కాపలా వ్యవస్థలో ఒక భాగం గురి తప్పింది, అంతే.

ఈ పరీక్షకు ఉన్న హద్దులు కూడా మీకు తెలియాలి. దీర్ఘకాలిక దద్దుర్లున్న వందమందిలో సుమారు ముప్పై నుంచి యాభై మందికి ఇది పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వస్తే సీరంలో మాస్ట్ కణాలను కదిలించేది ఏదో ఉందని తెలుస్తుంది. అది కచ్చితంగా యాంటీబాడీయేనని ఈ పరీక్ష ఒక్కటే రుజువు చేయదు. దద్దుర్లు లేని ఆరోగ్యవంతులలో కూడా కొందరికి పాజిటివ్ రావచ్చు. రుజువు కావాలంటే రక్తకణాలతో చేసే మరో పరీక్ష, యాంటీబాడీని నేరుగా కొలిచే ఇంకో పరీక్ష ఉన్నాయి గానీ అవి పెద్ద పరిశోధన కేంద్రాలలోనే దొరుకుతాయి. మూడు పరీక్షలూ పాజిటివ్ వచ్చేవాళ్ళు పదిమందిలో ఒకరికన్నా తక్కువేనని 2019లో యూరప్‌లో వెలువడిన ఒక అధ్యయనంలో తేలింది. అలాగే నెగటివ్ వస్తే ఆటో ఇమ్యూన్ కారణం అసలు లేదని కూడా చెప్పలేం.

మరి ఎందుకు చేయాలి? నిజం చెప్పాలంటే మొదట ఇచ్చే మందు పాజిటివ్ వచ్చినా నెగటివ్ వచ్చినా ఒకటే. కాబట్టి ప్రతి ఒక్కరికీ ఇది తప్పనిసరి కాదు, మామూలు మందుతో దద్దుర్లు అదుపులోకి వచ్చినవాళ్ళకు అసలే అక్కర్లేదు. కానీ పాజిటివ్ వచ్చినవాళ్ళకు జబ్బు కాస్త తీవ్రంగా, కాస్త ఎక్కువకాలం ఉండే అవకాశం ఉంది కాబట్టి ముందుచూపుతో మందులు మార్చుకోవచ్చు. థైరాయిడ్ పరీక్ష మరచిపోకుండా చేయిస్తాం. మా అనుభవంలో అన్నిటికన్నా పెద్ద లాభం మరొకటి. కారణం తిండిలో లేదని కంటితో చూసిన కుటుంబం నోటుపుస్తకం మూసేస్తుంది. డాక్టరు నోటిమాట కన్నా చేతిమీది ఆ ఎర్రటి ఉబ్బు బాగా చెబుతుంది.

దీనితో పాటు అవసరమయ్యే రక్త పరీక్షలు కొన్నే. రక్తకణాల లెక్క, ఇ.ఎస్.ఆర్. లేదా సి.ఆర్.పి., టీఎస్‌హెచ్, వీలైతే థైరాయిడ్ యాంటీబాడీ, మొత్తం ఐజీఈ. ఐజీఈ తక్కువగా, థైరాయిడ్ యాంటీబాడీ ఎక్కువగా ఉంటే ఆటో ఇమ్యూన్ అనుమానం బలపడుతుంది. వంద పదార్థాలకు ఒకేసారి చేసే అలర్జీ ప్యానెల్ ఈ జబ్బులో దారి తప్పించడానికే ఎక్కువ పనికొస్తుంది. అందులో ఏవో నాలుగు పాజిటివ్ వస్తాయి, వాటికీ దద్దుర్లకూ సంబంధం ఉండదు, ఇంట్లో మరో నాలుగు వంటలు ఆగిపోతాయి.

మందులు, ఇంజక్షన్లు

మొదటి మందు మత్తు రాని దురద మాత్ర. లెవోసెట్రిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ వంటివి. దద్దుర్లు లేచిన రోజు మాత్రమే కాదు, లేచినా లేవకపోయినా రోజూ వేసుకోవాలి. చాలామందికి మందు పనిచేయకపోవడానికి కారణం ఇదే: లేచాక వేసుకుంటారు. ఒక మాత్రతో అదుపు కాకపోతే డాక్టరు సలహామీద క్రమంగా నాలుగింతల వరకు పెంచవచ్చు. మీరే పెంచుకోకండి. మత్తు వచ్చే పాత మాత్రలు వేసుకుని ట్రాక్టరు, మోటారు సైకిలు నడపవద్దు, రైస్ మిల్లులో బెల్టుల దగ్గర పని చేయవద్దు.

అప్పటికీ తగ్గకపోతే ఒమాలిజుమాబ్ అనే ఇంజక్షన్ నాలుగు వారాలకు ఒకసారి ఇస్తారు. 2014 నుంచి ఈ జబ్బుకు అనుమతి పొందిన మందు. ఖరీదు ఎక్కువ. సొంత సీరం పరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్ళలో కొందరికి ఇది ఆలస్యంగా పనిచేస్తుంది, ఒక ఇంజక్షన్‌తో నిరాశ పడకూడదు. ఇంకొక దారి సైక్లోస్పోరిన్. దానికి బి.పి., కిడ్నీ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి. రోగి సీరాన్నే వారానికొకసారి కండకు ఎక్కించే చికిత్స కూడా మన దేశంలో చాలాచోట్ల చేస్తున్నారు. ఖర్చు తక్కువ. కొందరికి ఉపశమనం కలిగింది, మరికొన్ని పరిశోధనల్లో సీరానికీ ఉత్త సెలైన్‌కూ పెద్ద తేడా కనిపించలేదు. హామీ ఇచ్చి చేసేవాళ్ళను నమ్మకండి.

ఇక ఊళ్ళో వేయించుకునే ఇంజక్షన్. రెండు మందులు కలిపి ఇస్తారు: ఒకటి దురదకు, రెండోది స్టెరాయిడ్. రెండోదాని వల్లనే ఆ మాయ. వారం వారం వేయించుకుంటే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగర్, బి.పి. పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, ఆపిన వెంటనే దద్దుర్లు మరింత ఉధృతంగా లేస్తాయి. ఆ ఇల్లాలికి అప్పటికే షుగర్ హద్దు దాటింది. ఎప్పుడైనా ఉధృతం మరీ ఎక్కువైతే కొద్దిరోజులు స్టెరాయిడ్ ఇస్తాం గానీ అది నెలల తరబడి వాడే మందు కాదు. కీళ్ళ నొప్పులకని కొనుక్కునే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మాత్రలు కూడా ఈ రోగులలో చాలామందికి దద్దుర్లను రెచ్చగొడతాయి. నొప్పికి, జ్వరానికి పారసిటమాల్ మేలు. గుండెకోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం అడగకుండా ఆపవద్దు.

ఇంట్లో చేయగలిగిన పని

నోటుపుస్తకం పారేయమని మేము అనలేదు. అందులో రాసేది మార్చమన్నాం. రోజూ పడుకునే ముందు రెండు అంకెలు వేయాలి. గడచిన ఇరవై నాలుగు గంటల్లో దద్దుర్లు అసలు లేకపోతే 0, ఇరవైకి లోపు ఉంటే 1, ఇరవై నుంచి యాభై అయితే 2, అంతకు మించితే 3. దురద లేకపోతే 0, కొద్దిగా ఉంటే 1, ఇబ్బంది పెడితే 2, నిద్ర, పని చెడగొడితే 3. వారం మొత్తం కూడితే ఎక్కువలో ఎక్కువ 42 వస్తుంది. ఈ ఒక్క అంకె చూస్తే మందు పెంచాలో తగ్గించాలో మాకు తెలుస్తుంది. చదువుకునే పిల్లలుంటే ఈ పని వాళ్ళకు అప్పగించండి, చక్కగా చేస్తారు.

ఇంకొకటి. ఒక దద్దురు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, మరునాడు అదే వేళకు చూడండి. మామూలు దద్దురు ఇరవై నాలుగు గంటల్లో ఆ గీతలోంచి మాయమవుతుంది, లేచినా వేరేచోట లేస్తుంది. అక్కడే ఉండిపోయి, దురదకన్నా నొప్పి, మంట ఎక్కువై, పోయేటప్పుడు కమిలిన మచ్చ మిగిల్చితే, జ్వరం, కీళ్ళ నొప్పులు కూడా ఉంటే అది రక్తనాళాల వాపు కావచ్చు. అప్పుడు చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షించాలి, సొంత సీరం పరీక్ష చాలదు. దద్దుర్లు లేకుండా పెదవులు, ముఖం మాత్రమే వాస్తుంటే బి.పి. మాత్రల పేర్లు చెప్పండి, వాటిలో కొన్నిటికి ఆ గుణం ఉంది.

నాలుక వాచినా, గొంతు పట్టేసినట్టున్నా, ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగి పడిపోతున్నా ఆలోచించకండి. 108కి ఫోన్ చేయండి. హైదరాబాదు దాకా వెళ్దామని కారు మాట్లాడుకుంటూ కూర్చోవద్దు, దగ్గరలో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికే వెళ్ళండి.

"ఇది ఎన్నాళ్ళు ఉంటుంది?" అని తప్పకుండా అడుగుతారు. చాలామందికి రెండు నుంచి అయిదేళ్ళలో దానంతట అదే తగ్గిపోతుంది. కొందరికి ఏడాదిలోపే పోతుంది, కొందరికి ఇంకా పడుతుంది. అప్పటిదాకా మందుతో అదుపులో ఉంచుకోవచ్చు. పెళ్ళికి, పిల్లలకు ఇది అడ్డం కాదు.

ఆ ఇల్లాలు ఆరో నెలలో మళ్ళీ వచ్చినప్పుడు వారం లెక్క 31 నుంచి 4కు దిగింది. రోజుకు రెండు మాత్రలు వేసుకుంటోంది. థైరాయిడ్ మందు కూడా మొదలైంది. షుగర్ తగ్గుముఖం పట్టింది. అన్నంలోకి ఏం తిన్నావమ్మా అని అడిగితే అత్తగారే జవాబు చెప్పారు, గుత్తివంకాయ అని. భర్త ఈసారి రాలేదు. బర్రె అమ్మిన డబ్బులో పరీక్షలకు, మందులకు పోగా మిగిలినదానితో పడ్డ కొన్నాడట, పాలు పితికే వేళ అయిందని ఇంట్లోనే ఉండిపోయాడట.